కొండముచ్చు లోపలి ప్రెసిడెంటు గారు

ఒక పెద్ద అడవిలో చెట్లకు కొదవ లేదు, నీళ్లకు కొదవ లేదు, మాట్లాడేవాళ్లకు అసలే కొదవ లేదు. కొదవల్లా వినేవాళ్లకే. ఈ కథంతా ఆ కొదవ వల్ల వచ్చిందే.

ఆ అడవిలో సూదయ్య అనే ఏదుపంది ఉండేవాడు. మనసు వెన్నపూస, ఒళ్లు మాత్రం ముళ్లకంప. ఎవరైనా పలకరిస్తే చాలు, సంతోషంతో ఒళ్లు జలదరించేది. జలదరించగానే ముళ్లన్నీ నిక్కబొడుచుకునేవి. అవి చూసి పలకరించినవాళ్లు కాలికి బుద్ధి చెప్పేవాళ్లు. కోపమొచ్చి పొడుస్తాడని అందరూ అనుకునేవాళ్లు. పాపం, సూదయ్య సంతోషమొచ్చి పొడిచేవాడు.

ఒకసారి కుందేలు పెళ్లికి పిలిస్తే వెళ్లాడు. బంతి చివర, తుప్పల పక్కన కూర్చోబెట్టారు. కాసేపటికి ఆ తుప్పలు కూడా కాస్త అవతలికి జరిగినట్టు అనిపించింది. పాయసం తాగకుండానే లేచి వచ్చేశాడు.

అడవికి తూర్పున, వాగు ఒడ్డున, ఒక నల్లమద్ది చెట్టు కింద తాబేలు నిమ్మళయ్య ఉండేవాడు. చిప్పలోకి తల ముడుచుకుని ఏళ్ల తరబడి ఒంటరిగా కూర్చుని కూర్చుని ఆయన ఒక విద్య కనిపెట్టాడు. దాని పేరు లోనేస్తం సాధన. మనసులో ఒక నేస్తాన్ని కొంచెం కొంచెంగా ఊహించుకుని, రోజూ దానితో మాట్లాడుతూ, చివరకు అది తనంతట తాను బదులు పలికేదాకా పెంచుకోవడం. సూదయ్య ఆ సంగతి విని ఆయన దగ్గరికి వెళ్లాడు.

"తాతా, ఇదేమన్నా మంత్రమా?"

"మంత్రమైతే ఇంతసేపు పడుతుందట్రా? ఓపిక. పొద్దున్నే దుంపలు తిన్నాక ఒకచోట కూర్చో. రోజూ అదే చోటు, అదే వేళ. కళ్లు మూసుకుని నీ నేస్తాన్ని ఊహించుకో. ఇవాళ తోక, రేపు కాళ్లు. తొందరపడి ఒక్కసారే అంతా ఊహించావంటే మసక మసగ్గా వస్తుంది. దాని గుణమేమిటో గొంతేమిటో అదీ అనుకో. నీ కష్టసుఖాలు చెప్పు. తిన్న దుంప చేదైతే అదీ చెప్పు. ఆ తర్వాత నోరు మూసుకుని కూర్చో. ఇదిగో, ఇక్కడే అందరూ చెడిపోతారు. బదులు రాలేదు కదా అని దాని తరఫున నువ్వే మాట్లాడకు."

"మరి వచ్చిన బదులు దానిదో, నా కల్పనో తెలిసేదెట్టా?"

"నువ్వు వినకూడదనుకున్న మాట అంటుంది చూడు, అప్పుడు తెలుస్తుంది," అన్నాడు నిమ్మళయ్య. ఆ ఒక్క మాట చెప్పడానికి ఆయనకు పొద్దు వాలింది.

సూదయ్య ఇంటికొచ్చి తన నేస్తం ఎలా ఉండాలో తేల్చుకున్నాడు. ఒక లేడిపిల్ల. పేరు సుకుమారి. పెద్ద పెద్ద కళ్లు, మెత్తని గొంతు. కళ్లు విప్పగానే "సూదయ్య గారూ, మీరెంత అందగాళ్లండీ!" అనాలి. అంతకు మించి పెద్ద ఆశలేమీ లేవు.

రోజూ పొద్దున్నే పుట్ట పక్కన కూర్చునేవాడు. తోక ఊహించాడు, చెవులు ఊహించాడు, కబుర్లు చెప్పాడు. వానాకాలం వచ్చింది, పోయింది. సుకుమారి ఉలకదు, పలకదు. ఎన్నోసార్లు తనే సన్నని గొంతుతో "మీరెంత అందగాళ్లండీ" అనబోయి, తాత మాట గుర్తొచ్చి నాలిక కరుచుకున్నాడు.

చలి మొదలైన ఒక ఉదయం, మనసులో ఎక్కడో పైనుంచి ఒక గరుకు గొంతు వినిపించింది.

"ఒరే అబ్బీ, ఆ లేడిని వదిలెయ్. దాని కాళ్లు నాలుగూ నాలుగు రకాలుగా ఊహించావు. నిలబడలేక చస్తోంది."

సూదయ్య ఉలిక్కిపడ్డాడు. లోచూపుతో వెతికాడు. తన వీపు మీద అన్నిటికన్నా పొడుగైన ముల్లు చివర, రెక్కలు చాచుకుని ఒక ముసలి తూనీగ కూర్చుని ఉంది.

"ఎవరు నువ్వు?"

"పేరమ్మను."

"నేను నిన్ను అనుకోలేదే!"

"నువ్వనుకున్నదానికి కాళ్లు కుదరలేదుగా. ఎవరో ఒకరు రావాలి కదా మరి!"

"నీకు... నీకు నా ముళ్లంటే భయం లేదా?"

"భయమెందుకురా? తూనీగ కూర్చోవడానికి ఇంతకంటే మంచి చోటుందా? రెల్లు గడ్డయితే గాలికి ఊగి చస్తుంది."

సూదయ్యకు ఏడుపొచ్చింది. పుట్టి బుద్ధెరిగాక తన ముల్లును మెచ్చుకున్న ప్రాణి ఇదొక్కటే. సంతోషంతో ఒళ్లు జలదరించింది. "ఊపకురా, పడతాను!" అని పేరమ్మ కసిరింది. ఆ కసురు కూడా తీయగానే ఉంది.

అప్పట్లో నల్లమద్ది కింద చేరేవాళ్లు బహు కొద్దిమంది. మంద వదిలేసిన ఒక ముసలి దున్న, గుడ్లు పోగొట్టుకున్న ఒక అడవికోడి, ఇంకా ఒకరిద్దరు. ఎవరి సాధన ఎలా సాగుతోందో చెట్టు బెరడు మీద గోళ్లతోనో కొమ్ములతోనో గీకి రాసేవాళ్లు. "ఇవాళ్టికి తోక కుదురుకుంది, గొంతు ఇంకా రాలేదు, నాకే నిద్ర వస్తోంది" అని నిజం రాసుకునేవాళ్లు. వెనకొచ్చినవాళ్లు నింపాదిగా చదివి, కింద తమ మాట రాసేవాళ్లు. సూదయ్యకు బారెడు దూరంలోనే అయినా, పారిపోకుండా కూర్చునేవాళ్లు. అతనికి లోపల పేరమ్మ, బయట వీళ్లు. పండగే పండగ.

పండగ పొద్దస్తమానం ఉండదు కదా. పరిమళ అనే పునుగుపిల్లి వచ్చింది.

పరిమళ ఎక్కడికెళ్లినా ముందు వాసన వెళ్లేది, వెనక తను వెళ్లేది, ఆ వెనక జనం వెళ్లేవాళ్లు. బెరడు మీది రాతలు చూసి ముక్కు విరిచింది.

"ఇంత పొడుగెవరు చదువుతారండీ ఈ రోజుల్లో? పదండి, కూతల లోయకు పోదాం!"

కూతల లోయలో ఏం కూసినా కొండలు తిరిగి కూస్తాయి. చిన్న కూతైతే పది మారుమోతలు, పొడుగు మాటైతే ఒక్కటీ రాదు. ఎవరి కూతకు ఎక్కువ మారుమోతలొస్తే వాళ్లు గొప్ప. పరిమళ శిఖరమెక్కి "మూడు పూటల్లో లోనేస్తం!" అని కూసింది. కొండలన్నీ "నేస్తం... నేస్తం..." అన్నాయి. మర్నాటికి అడవిలో సగం లోయలో ఉంది.

ఇక చూడండి సంబరం! ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పొద్దున చేరినవాళ్లకు మధ్యాహ్నానికే నేస్తాలు. కుందేలు లోపల సింహాల గుంపు. గాడిద లోపల సంగీత విద్వాంసుడు. ఒక చీమ తన లోపల ఏనుగుందంది. ఎలా పట్టిందని ఎవరూ అడగలేదు, అడిగితే మర్యాద కాదట.

ఈలోగా రెండు ముఠాలు లేచాయి. లోనేస్తం మనసులో పుడుతుందని ఒక ముఠా, ఎక్కడో తిరిగే ఆత్మ వచ్చి చేరుతుందని ఇంకో ముఠా. కూతలయ్యాయి, తిట్లయ్యాయి, గులకరాళ్లు లేచాయి. నిమ్మళయ్యను తీర్పు చెప్పమన్నారు.

"తోడు దొరికిందా లేదా? దొరికితే ఊరుకోండి," అన్నాడాయన.

ఆ జవాబుకు ఒక్క మారుమోతా రాలేదు. "పాతకాలం మనిషి" అని నవ్వారు. నిమ్మళయ్య అలిగి లోయ వదిలి వెళ్లిపోయాడు. వెళ్లిపోయాడంటే తాబేలు కదా, ఆయన వెళ్లిపోవడం పూర్తయ్యేసరికి గొడవ మొదలై, ముదిరి, చల్లారి, అసలు గొడవేమిటో అందరూ మరిచిపోయారు.

జనం ఎక్కడ పోగయ్యారో అక్కడ కుర్చీ పుడుతుంది. కుర్చీ పుట్టగానే కొండముచ్చు లాంగూలరావు గారికి కల వస్తుంది. ఆయన లోయకు వచ్చీ రాగానే "అఖిల అడవి లోనేస్తుల సంఘం" పెట్టించి, ప్రెసిడెంటు పదవికి ఎన్నికన్నాడు. సంఘం ప్రెసిడెంటే అడవికి పెద్ద, ఇప్పపూల పంపకం ఆయన చేతుల మీదే అని తీర్మానం చేయించాడు.

చిక్కల్లా ఒక్కటే. పోయినేడు ఇప్పపూల కమిటీకి ఆయనే పెద్ద. పంపకం అయ్యాక చూస్తే కమిటీ మిగిలింది గాని పూలు మిగల్లేదు. అందుకని ఆయన మొహానికి ఓటు పడదు. పైగా అవతల నిలబడింది ఎలుగుబంటి గురవయ్య. అందరికీ తలలో నాలుక.

"నా మొహం చెల్లదు, పరిమళా. ఏం చేద్దాం?"

"మీరెందుకు నిలబడాలండీ? మీ లోనేస్తాన్ని నిలబెట్టండి."

"నాకు లేదే!"

"అదే కదండీ మంచి సంగతి. లేనివాడికి మచ్చ ఎక్కడుంటుంది?"

లాంగూలరావు తోక ఆనందంతో చుట్టలు చుట్టుకుంది. మర్నాడే ప్రకటించాడు. తన లోపల ధర్మప్రభువు అనే తెల్ల ఏనుగు వెలిశాడు. ఆయన అబద్ధమాడడు, లంచం తినడు, అసలేమీ తినడు. "ఆయనే అభ్యర్థి. నేను ఒట్టి నోరు మాత్రమే!"

జనానికి నమ్మకం కలగాలని రోజూ పొద్దున్నే శిఖరమెక్కి, అందరి ఎదుటా సాధన చేయడం మొదలుపెట్టాడు. మొదట్లో కళ్లు మూసుకుని హాయిగా నిద్రపోయాడు. గురక లోయంతా మారుమోగింది. పరిమళ కంగారుపడి చెవిలో చెప్పింది. "పైకి అనండి స్వామీ. తొండం ఎట్లా ఉంటుందో, గోళ్లు ఎట్లా ఉంటాయో, గుణమేమిటో పేరుపేరునా వర్ణించండి. జనం వింటున్నారు!"

ఏం చేస్తాడు? రోజూ అదే చోటు, అదే వేళ. "ఆయన తొండం ఇలా ఉంటుంది. ఆయన గొంతు ఉరుములా ఉంటుంది. ఆయన ఎవరికీ జంకడు. నిజం తప్ప పలకడు" అని భక్తిగా వర్ణించేవాడు. కింద కూర్చున్నవాళ్లు కళ్లొత్తుకునేవాళ్లు. సూదయ్య కూడా వెనకెక్కడో కూర్చుని వినేవాడు.

"వీడు బాగానే చేస్తున్నాడురా," అంది పేరమ్మ ఒకరోజు, ఆలోచనగా.

"అబద్ధం కదా పేరమ్మా."

"అబద్ధమే. కానీ సాధన తప్పట్లేదు చూశావా?"

ఆ మాట సూదయ్య పట్టించుకోలేదు. అతనికి వేరే దిగులు పట్టుకుంది. సంఘం కొత్త నిబంధన తెచ్చింది. లోనేస్తాలకూ ఓటు ఉంటుంది, కాకపోతే ప్రతి నేస్తమూ పరీక్ష నెగ్గాలి. యజమాని మాటకు ఎదురు చెప్పే నేస్తం దారి తప్పినట్టు లెక్క. దానికి "విడుపు" చేయాలి. విడుపంటే, ఆ నేస్తం గుర్తొచ్చినప్పుడల్లా పేరు తలవకుండా చీమల్ని లెక్కపెడుతూ కూర్చోవాలి. అలా పట్టించుకోకుండా ఉంటే అదే వాడిపోతుంది. చేయనంటే సంఘం నుంచి వెలి.

పరీక్ష పెట్టేది సెక్రటరీ తొండ. దానికి తలాడించడం పుట్టుకతో వచ్చిన జబ్బు. అయినా సరే, ఆ తలాడింపు సంఘం ఆమోదం కిందే లెక్క.

"మీ నేస్తం మీ మాట వింటుందా?" అడిగింది తొండ.

సూదయ్య అబద్ధమాడదామనే వచ్చాడు. పేరమ్మతో ముందే ఒప్పందం కూడా చేసుకున్నాడు. "వింటుందండీ, చాలా..." అన్నాడు.

"ఏనాడు విన్నాన్రా?" అంది పేరమ్మ లోపల.

"...చాలా అరుదుగా," అని సర్దుకున్నాడు సూదయ్య.

"దాని ఓటెవరికి?"

"ధర్మప్రభువు గారికేనండీ."

"ఛీ! నా ఓటు గురవయ్యకు! పోయినేడు నీ వాటా పూలు ఎవడు తిన్నాడో మరిచావా, మతిలేనివాడా?"

సూదయ్య చెవులు మూసుకున్నాడు. లోపలి మాటకు చెవులు మూసుకుని ఏం లాభం? ఆ గింజుకోవడంలో "గురవయ్యకే, గురవయ్యకే, నన్ను తిట్టకు తల్లీ!" అని పైకే అనేశాడు.

తొండ తలాడించింది. దారి తప్పిన నేస్తం. విడుపు.

సూదయ్య వచ్చి పుట్ట పక్కన కూలబడ్డాడు. పేరమ్మే కదిలించింది.

"వాళ్ల పక్కన కూర్చోవాలనుందా అబ్బీ?"

"ఉంది. దున్న బావ, కోడి అక్క, అందరూ అక్కడే ఉన్నారు. వెలివేస్తే మళ్లీ ఆ కుందేలు పెళ్లిలో ఉన్నట్టే."

"అయితే చెయ్యి. నాకేం, రెక్కలున్నదాన్ని. ఎక్కడో చోట వాలతాను."

మాటైతే అంది గాని గొంతులో ఆ గరుకు లేదు. వాలడానికి ఇంకో చోటు లేదని ఇద్దరికీ తెలుసు. సూదయ్య తల దించుకుని చీమల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పేరమ్మ గుర్తొచ్చినప్పుడల్లా మళ్లీ మొదటికొచ్చేవాడు. ఏ చీమా రెండోది కాలేదు. అయినా పట్టుదలగా చేశాడు. ఒకరోజు పొద్దున ముల్లు చివర చూసుకుంటే ఖాళీ. పిలవకూడదు కాబట్టి పిలవలేదు. ఆ రోజు దుంప నోట్లో పెట్టుకుంటే, ఇది చేదుగా ఉందని చెప్పుకోవడానికి కూడా ఎవరూ లేరు. తను చేసింది తప్పని అతనికి ఆ దుంపతోనే తెలిసింది.

ఎన్నికల రోజు లోయ కిటకిటలాడింది. కాకి ఓట్లు లెక్కపెట్టే అధికారి. అప్పటికే పరిమళ కూసి కూసి, గెలిపిస్తే ప్రతి లోనేస్తానికీ ఒక లోపలి ఇప్పచెట్టు ఉచితమని వాగ్దానం చేసి ఉంది. ఖర్చు లేదు, కరువు లేదు.

కుందేలు వచ్చింది. "నా ఓటు గురవయ్యకు. మా సింహాలవి మాత్రం ధర్మప్రభువుకు."

"ఎన్ని సింహాలు?"

"ఉండండి, పరిగెడుతున్నాయి, లెక్క కుదరట్లేదు."

"ఎన్ని కావాలో అన్ని రాసుకోండి," అంది పరిమళ.

వచ్చినవాళ్లందరిదీ ఇదే వరస. సొంత ఓటు గురవయ్యకు, లోపలివాళ్లవి తెల్ల ఏనుగుకు. చీమ లోపలి ఏనుగు, జాతి అభిమానం కొద్దీ రెండుసార్లు వేసింది. గురవయ్య వంతు వచ్చింది.

"మీ లోపల ఎవరున్నారు?" అడిగింది కాకి.

"తేనె తప్ప ఎవరూ లేరండీ. ఒక్కటే ఓటు," అన్నాడు గురవయ్య, పొట్ట తడుముకుంటూ.

సూదయ్య తన ఒక్క ఓటూ గురవయ్యకు వేశాడు. "లోపల?" అంది కాకి. "ఎవరూ లేరు," అన్నాడు. ఆ మాటకు అతని కళ్లు చెమర్చాయి.

పుట్టిన జంతువులంతా గురవయ్యకు ఓటేశారు. పుట్టనివాళ్లంతా ధర్మప్రభువుకు వేశారు. పుట్టనివాళ్లే ఎక్కువ. ధర్మప్రభువు అఖండ మెజారిటీతో గెలిచాడు.

లాంగూలరావు దండ వేయించుకుని శిఖరమెక్కాడు. ముందుగా తొండ చేత శాసనం చదివించాడు. ప్రెసిడెంటు మాటే చట్టం. ప్రెసిడెంటు పదవి జీవితకాలం. ఎవరూ దించకూడదు, తనంతట తాను దిగకూడదు. తొండ తలాడించింది. శాసనం ఖాయమైంది.

ఇక మిగిలింది మొదటి ఉత్తర్వు. ఇప్పపూల పంపకం పూజ్యులు లాంగూలరావు గారికి అప్పగిస్తున్నాం అని బట్టీ పట్టి ఉంచుకున్నాడు. అలవాటు ప్రకారం కళ్లు మూసుకున్నాడు. అదే చోటు, అదే వేళ. నోరు తెరిచాడు.

"ఇప్పపూల పంపకం పూజ్యులు..."

"ఆగు," అంది ఒక గొంతు.

గొంతు ఆయన నోట్లోంచే వచ్చింది. ఉరుములా ఉంది. లాంగూలరావు కళ్లు తెరిచి అటూ ఇటూ చూశాడు.

"ఎవరదీ?"

"రోజూ పొద్దున్నే పిలిచి, ఇప్పుడు ఎవరంటావేం?" అంది ఆయన నోరే మళ్లీ.

"అబ్బ, ఎంత సహజంగా చేస్తున్నారండీ!" అని పరిమళ కింద నుంచి గుసగుసలాడింది. జనం చప్పట్లు కొట్టారు.

"నేను చేయట్లేదే! పరిమళా, నేను కాదే!"

"అవును, నేను," అంది ఉరుము. "ప్రజలారా, నన్ను నిజం తప్ప పలకని గుణంతో పెంచారు. అందుకని ముందు ఒక నిజం. పోయినేడు ఇప్పపూలన్నీ ఎక్కడికి పోయాయో నాకు తెలుసు. నేనుండేది ఆ పొట్టకు కాస్త పైనే."

లాంగూలరావు కుడిచేత్తో నోరు మూసుకున్నాడు. మాట ముక్కులోంచి వచ్చింది. ఎడమచేత్తో ముక్కు మూసుకున్నాడు. ఊపిరాడక నోరు వదిలాడు. "ఇంకో నిజం" అంది నోరు. తోకతో మూతి చుట్టేసుకున్నాడు. తోక చాలలేదు. శిఖరం మీద ఒక్క కొండముచ్చు తనతో తాను కుస్తీ పడుతుంటే అడవంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. కొండలు కూడా మారుమోతగా నవ్వాయి. ఆ లోయ పుట్టాక అన్ని మారుమోతలు ఎవరికీ రాలేదు.

"మొదటి ఉత్తర్వు," అన్నాడు ధర్మప్రభువు, తోక కాస్త సడలగానే. "పరీక్షలు రద్దు. విడుపు రద్దు. ఎదురు చెప్పని నేస్తం నేస్తమే కాదు. రెండో ఉత్తర్వు. లోపలివాళ్లకు ఓటు లేదు."

గురవయ్య లేచి, తటపటాయిస్తూ అడిగాడు. "మరి మీరు గెలిచింది ఆ ఓట్లతోనే కదా ప్రభూ?"

ధర్మప్రభువు ఆలోచించాడు. ఆలోచిస్తున్నంతసేపూ లాంగూలరావు మొహం తెల్లబోయింది.

"నిజమే. నా ఎన్నిక చెల్లదు."

"రాజీనామా! రాజీనామా చేయండి ప్రభూ! ఇప్పుడే, ఈ క్షణమే!" అని లాంగూలరావు తన కాళ్ల మీద తానే పడి బతిమాలాడు.

"కుదరదు. దిగకూడదని శాసనం చేయించావు కదా. నేను శాసనం మీరను. అడవికి గురవయ్య పెద్ద. నా ప్రెసిడెంటు పదవి జీవితకాలం ఉంటుంది, కాకపోతే ఈ మేరకే," అని లాంగూలరావు చేతితోనే లాంగూలరావు గుండెల మీద తట్టాడు.

సూదయ్య అప్పటికే అక్కడ లేడు. "విడుపు రద్దు" అన్న మాట పూర్తికాకుండానే ముళ్లు టపటపలాడిస్తూ పరిగెత్తాడు. దారిలో ఉన్నవాళ్లంతా తప్పుకున్నారు. తప్పుకుంటే తప్పుకోనీ అనుకున్నాడు, జీవితంలో మొదటిసారి.

పుట్ట పక్కన కూర్చుని కళ్లు మూసుకున్నాడు.

"పేరమ్మా!"

ఉలుకూ పలుకూ లేదు. రెక్కలు ఊహించాడు. రెక్కల మీది గీతలు ఊహించాడు. తిన్న దుంపల సంగతి, ఎన్నికల సంగతి, కొండముచ్చు తోక సంగతి చెప్పాడు. ముల్లు చివర ఖాళీ. "తప్పయిపోయింది పేరమ్మా, వాళ్ల కోసం నిన్ను వదిలేశాను, నాకు సిగ్గుగా ఉంది" అన్నాడు. గాలి తప్ప ఏమీ లేదు. ఏడ్చాడు. ఏడ్చి ఏడ్చి ఇక ఓపిక నశించి, తాత వద్దన్న పనే చేశాడు. సన్నగా గొంతు మార్చి తనకు తానే అనుకున్నాడు.

"ఏడవకురా అబ్బీ, వచ్చానుగా."

"నా గొంతు అంత కీచుగా ఉంటుందట్రా?" అంది పైనుంచి ఒక గరుకు గొంతు. "దోమనుకున్నావా నన్ను?"

సూదయ్య ముళ్లన్నీ ఒక్కసారిగా లేచాయి.

"ఊపకురా! ఇప్పుడే నిలదొక్కుకున్నాను."

మరి ఆ సంఘం ఏమైందంటారా? ఎదురు చెప్పే నేస్తాలను ఎవరు భరిస్తారు? వారం తిరక్కుండానే లోయ ఖాళీ అయింది. పరిమళ ఇంకో శిఖరమెక్కి "మూడు పూటల్లో మౌనం!" అని గొంతు చించుకుంటోంది. జనం అటు పరిగెత్తారు. కుందేలు తన సింహాలను ఎక్కడ వదిలేసిందో దానికే గుర్తు లేదు. దున్న, కోడి మాత్రం నల్లమద్ది దగ్గరికి తిరిగొచ్చి, సూదయ్యకు బారెడు దూరంలో కూర్చున్నారు. నిమ్మళయ్య కూడా తిరిగొస్తున్నాడట. ఎప్పటికి చేరతాడో చెప్పలేం.

ఒకరోజు అక్కడికి లాంగూలరావు వచ్చాడు. చిక్కి సగమయ్యాడు. దండ ఎండిపోయి ఇంకా మెడలోనే ఉంది.

"సూదయ్యా, నువ్వు విడుపు చేశావటగా. నాకూ చెప్పవయ్యా. పండు కోద్దామంటే ఎవరి చెట్టని అడుగుతున్నాడు. కునుకు తీద్దామంటే దర్బారు పెడుతున్నాడు. మొన్న మా ఆవిడతో 'నీ వంట అమృతం' అందామని నోరు తెరిచాను. ఆయన నిజం చెప్పాడు. ఇవాళ్టికీ చెట్టు మీదికి రానివ్వట్లేదు."

"చీమల్ని లెక్కపెట్టండి," అన్నాడు సూదయ్య, జాలిపడి.

"పెట్టాను! లెక్క తప్పితే ఆయనే సరిదిద్దుతున్నాడు!"

"పోనీ, తోడు దొరికిందనుకోండి. మీతో నిజం మాట్లాడేవాళ్లు ఇంతకుముందు ఎవరున్నారు చెప్పండి?"

లాంగూలరావు బదులివ్వబోయాడు. అంతలో ఆయన నోరే, ఉరుములాంటి గొంతుతో, "ఎవరూ లేరు" అంది.

నీతి: అబద్ధం ఆడదలుచుకున్నవాడు ఆడవచ్చు గాని, రోజూ ఒకేచోట ఒకే వేళకు నిష్ఠగా ఆడకూడదు, అభ్యాసం ముదిరితే అది నిజం చెప్పడం మొదలుపెడుతుంది.